నమూనా గొంతు

చింతగింజంత ఇయర్‌ఫోన్ కావాలని చక్రధర్ అడిగినప్పుడు, అందులో పట్టాల్సినవన్నీ వకుళ బల్ల మీద పరిచి చూపించింది. బ్యాటరీ, స్పీకరు, మైకు, చిప్పు, యాంటెనా. వాటి పక్కన చిప్పును కప్పే రేకు తొడుగు. చిప్పు సిగ్నల్ మైకులో కలవకుండా, బయటి సిగ్నల్ చిప్పులో దూరకుండా ఆపేది ఆ రేకే. ఒకటి లోపల పెడితే ఇంకొకటి బయట మిగిలిపోతోంది.

చక్రధర్ కంపెనీ యజమాని. రేణిగుంట పారిశ్రామికవాడలో అతనికి ఒక ఫ్యాక్టరీ, దాని వెనుక ఒక ల్యాబు ఉన్నాయి. వకుళ ఆ ల్యాబులో యాంటెనా ఇంజినీరు.

వకుళ ఆలోచించి యాంటెనానే తీసేసింది. రెండు చెవుల్లోని గింజలు ఒకదానితో ఒకటి గాలిలో మాట్లాడుకోవడం ఎందుకు, మధ్యలో తల ఉంది కదా అనుకుంది. ఒంట్లో ఉప్పూ నీరూ ఉన్నాయి. అవి కరెంటును మోస్తాయి. మనిషికి తెలియనంత కరెంటును చెవి చర్మం మీద వదిలితే అది తల గుండా అవతలి చెవికి చేరుతుంది. ల్యాబులో పరీక్షల కోసం విదేశాల నుంచి తెప్పించిన రబ్బరు తలబొమ్మ ఉంది. దాని లోపల ఉప్పు కలిపిన జెల్లీ ఉంటుంది. వకుళ దాని చెవుల్లో గింజలు పెట్టి పాట వేసింది. రెండు వైపులా పాట తెగకుండా వచ్చింది. టెస్టింగ్ చూసే మస్తాన్ బొమ్మ నెత్తి మీద తట్టి, "నీకు బుర్ర ఉండాదని ఇన్నాళ్లకు తెలిసింది నాయనా," అన్నాడు.

చక్రధర్‌కు అదీ చాలలేదు. అద్దంలో చూసుకున్నా కనపడకూడదన్నాడు. రేకు తీసేయమన్నాడు.

వకుళ ఒప్పుకోలేదు. ఇప్పుడు తలే వైరు కాబట్టి తలకు ఏది తగిలినా అది వైరులో భాగమవుతుందని, రేకు లేకపోతే చిప్పుకు ఏది తన సిగ్నలో ఏది కాదో తెలియదని మీటింగులో చెప్పింది. చక్రధర్ రేకు తీసేసిన గింజలను బొమ్మకు పెట్టించాడు. అన్ని పరీక్షలూ సవ్యంగా వచ్చాయి.

"బొమ్మ పాసైంది. మీరెందుకండీ ఫెయిలంటున్నారు?" అన్నాడు. మీటింగులో ఉన్నవాళ్లు నవ్వారు.

పరీక్ష గదిలోకి లోహం తీసుకెళ్లకూడదు. అది ఏ ల్యాబులోనైనా ఉండే నియమం. గది తలుపు పక్కన ఒక స్టీలు గిన్నె ఉండేది. ఆడవాళ్లు కమ్మలు, గొలుసులు, గాజులు అందులో వేసి లోపలికి వెళ్లేవాళ్లు. వకుళ కూడా వేసేది. తలబొమ్మ చెవులకు కుట్లు లేవు. పరీక్షకు ముందు కమ్మలు తీసి గిన్నెలో వేసిన ఆడవాళ్లలో ఒక్కరికీ, ఈ గింజలు పెట్టుకోబోయే ఆడవాళ్లు కమ్మలు తీయరన్న సంగతి తట్టలేదు. వకుళకూ తట్టలేదు.

మార్కెట్‌లోకి రాకముందే మొదటి జతల్లో ఒకటి వకుళ తన చెల్లెలికి ఇచ్చింది.

చెల్లెలి పేరు అలివేలు. తిరుపతిలో అంబులెన్సు కాల్ సెంటరులో పని. ఫోను ఎత్తి, ఊరు ఏదో అడిగి, పక్కన గుర్తు ఏముందో అడిగి, మనిషి ఊపిరి తీస్తున్నాడో లేదో అడిగి బండి పంపాలి. ఏడుపులో, అరుపులో, లారీల మోతలో ఊరి పేరు పట్టుకోవడం ఆ పనిలో కష్టం. గింజలు పెట్టుకున్నాక ఆ కష్టం తగ్గిందని అలివేలు అక్కతో చెప్పింది. ఆఫీసులో అందరూ అవే కావాలంటున్నారని కూడా చెప్పింది.

ఆఫీసులో ఒక సహోద్యోగికి సీమంతం చేస్తున్నారని అలివేలు ఒకరోజు పట్టుచీర కట్టుకుని, కమ్మలకు మాటీలు తగిలించుకుని వెళ్లింది. మాటీ అంటే కమ్మ నుంచి చెవి మీదుగా జుట్టులోకి పోయే బంగారు గొలుసు. అది గింజకు ఆనుకుంది. ఒక చెవి నుంచి బయల్దేరిన సిగ్నల్ తల దాటకుండా గొలుసు వెంట తిరిగి అదే చెవికి వచ్చింది. అవతలి చెవి అందడం లేదని చిప్పు అనుకుంది. బలం పెంచింది. అందలేదు. ఇంకా పెంచింది. ఆపే రేకు లేక, పెంచిన బలమంతా స్పీకరులోంచి చెవిలోకి వెళ్లింది.

అప్పుడు అలివేలు ఫోనులో ఉంది. పాకాల నుంచి ఒక మనిషి తన భార్యకు నొప్పులు వస్తున్నాయంటున్నాడు. అలివేలు వీధి అడిగింది. జవాబు ఆమెకు చేరలేదు. పక్క సీటులోని సుభాషిణి ఆ కాల్ తీసుకుని బండి పంపింది. అలివేలు రెండు చేతులతో చెవులు మూసుకుని బల్ల కింద కూర్చుంది.

లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే కణాలు చచ్చిపోయాయని, అవి మళ్లీ పుట్టవని డాక్టర్ చెప్పాడు.

తర్వాత వేరే ఊళ్ల నుంచి కూడా ఇలాంటి కబుర్లు వచ్చాయి. అందరూ ఆడవాళ్లే. చక్రధర్ మార్కెట్‌లోని సరుకు వెనక్కి తెప్పించి, పాత మోడల్ ఆపేశామని ప్రకటించాడు. కారణం చెప్పలేదు. అక్కచెల్లెళ్లను మాత్రం ఆఫీసుకు పిలిపించాడు. కాఫీ తెప్పించి, వాడకంలో పొరపాటు జరిగిందన్నాడు. లోహం తగలకూడదని పెట్టె అడుగున రాసే ఉందన్నాడు. ఆ తర్వాత వకుళ వైపు తిరిగి, అలివేలుకు చిన్నప్పుడు చెవిలో చీము కారేదట కదా అన్నాడు. ఫిర్యాదుకు కంపెనీ ఇచ్చే జవాబులో ఆ మాట రాయించానని కూడా చెప్పాడు.

ఆ సంగతి అతనికి చెప్పింది వకుళే. ఉద్యోగంలో చేరిన కొత్తలో టీ తాగుతూ, చెవుల పని ఎందుకు ఎంచుకున్నావని ఎవరో అడిగితే చెప్పింది. చెల్లెలికి ఆరేళ్లప్పుడు చెవిలో చీము పట్టింది. మందులు వేస్తే తగ్గింది. మళ్లీ రాలేదు. ఆ టీ బల్ల దగ్గర చక్రధర్ ఉన్నాడు.

అలివేలు ఆయన ఏమంటున్నాడని అడిగింది. వకుళ ఫోనులో టైపు చేసి చూపించింది. ఏదీ వదల్లేదు. అలివేలు చదివి తలెత్తింది.

"బొమ్మకు చెవులు కుట్టించలేదా సారూ?" అంది.

చెవులు పోయినప్పటి నుంచి తన గొంతు ఎంత పెద్దదో ఆమెకు తెలియడం లేదు. బయట గుమాస్తాలు తలలు తిప్పి చూశారు. చక్రధర్ వకుళతో, "కాస్త తగ్గించి మాట్లాడమనండి," అన్నాడు.

ఈ మాట వకుళ టైపు చేయలేదు.

మర్నాడు వకుళ మామూలుగానే పనిలోకి వచ్చింది. రాజీనామా ఇస్తుందని ల్యాబులో అందరూ అనుకున్నారు. మస్తాన్ అడిగాడు కూడా. "పనుండాది అన్నా," అంది.

కొత్త మోడల్‌లో రేకు మళ్లీ పెట్టారు. ఎందుకు పెడుతున్నామో ఎవరూ పైకి అనలేదు. రేకుకు చోటు కావాలి. చిప్పులో జ్ఞాపకం ఉండే భాగాన్ని కోసి ఆ చోటు తెస్తానని వకుళ చెప్పింది. చక్రధర్ సరేనన్నాడు.

ఆ జ్ఞాపకంలో రెండు అరలు ఉండేవి. ఒకటి శబ్దాల అర. మిక్సీ, ఆటో, బోరు మోటారు, పక్కింటి కుక్కరు, వీటి మోతలు అందులో ఉంటాయి. అందులో ఉన్న మోతను గింజ చెవిలోకి రానివ్వదు. బయట మోతకు తలకిందులుగా ఉండే మోతను లోపల పుట్టించి రెంటినీ చంపేస్తుంది. ఒక జత కొత్త మోత నేర్చుకుంటే, జేబుల్లోని ఫోన్ల ద్వారా, దగ్గరగా వచ్చిన ఇంకో జతకు చెబుతుంది. తిరుపతి భీమాస్ వీధిలో పొద్దున్న రోడ్డు తవ్వితే సాయంత్రానికి ఊళ్లో ఎవరికీ ఆ తవ్వకం వినపడదు. నేర్చుకున్నదాన్ని చెరిపే దారి పెట్టలేదు. మోత మళ్లీ కావాలని ఎవరు అడుగుతారని అప్పట్లో అందరూ అనుకున్నారు.

రెండోది నమూనా గొంతు అర. మనిషి మాట అంటే ఏదో చిప్పుకు చెప్పే గొంతు అది. దానికి దగ్గరగా ఉన్నదాన్ని చిప్పు మాట అనుకుని వదులుతుంది. శబ్దాల అరలో ఏమున్నా, నమూనాలో ఉన్నదాన్ని మాత్రం ఆపదు. చోటు తక్కువ కాబట్టి కొత్త మోడల్‌లో ఈ అర మీద ఒక్కసారే రాయవచ్చు. ఫ్యూజు కాలినట్టే, రెండోసారి ఉండదు.

పాత మోడల్‌లో నమూనా గొంతు చక్రధర్‌ది. తన కంపెనీ గింజ తన గొంతుతోనే మాట నేర్చుకోవాలని అతను పట్టుబట్టాడు. పరీక్షలన్నీ ఆ గొంతుతోనే చేయాలన్నాడు. మిక్సీ తిరుగుతుంటే ఒకసారి, ఆటో పోతుంటే ఒకసారి, మోటారు పక్కన నిలబడి ఒకసారి, తలబొమ్మ ముందు కూర్చుని అతను వార్తాపత్రిక చదివాడు. ఆ రికార్డులు ల్యాబులో కుప్పలుగా ఉన్నాయి. వాటికి మోతల పేర్లే పెట్టారు. మిక్సీ, ఆటో, మోటారు.

వకుళ ఆ రికార్డులన్నిటినీ శబ్దాల అరలో వేసింది. నమూనా అరను ఖాళీగా వదిలేసింది.

కొత్త గింజలు బాగా అమ్ముడయ్యాయి. కనపడవు, బరువు తెలియదు, ఒంటి వేడితోనే చార్జి అవుతాయి. జనం వాటిని పొద్దున పెట్టుకుని రాత్రి కూడా తీయడం మానేశారు. బస్సుల్లో నిద్రపట్టేది. కొట్ల దగ్గర ఒకరి మాట ఒకరికి తెలిసేది. ల్యాబులోనూ అందరూ అవే పెట్టుకున్నారు. పరీక్షల్లో వట్టి చెవి కావాలి కాబట్టి మస్తాన్ ఒక్కడే పెట్టుకోలేదు.

ఆయుధపూజ రోజు ల్యాబులో యంత్రాలన్నిటికీ బొట్లు పెట్టారు. తలబొమ్మకూ పెట్టారు. ఏటా పూజ అయ్యాక చక్రధర్ మాట్లాడతాడు. ఆ ఏడు కూడా లేచి నిలబడ్డాడు. పెదవులు కదిలాయి. కొబ్బరికాయ కొట్టిన చప్పుడు అందరికీ వినపడింది. హారతి గంట వినపడింది. చక్రధర్ వినపడలేదు. మనసులో మంత్రం చెప్పుకుంటున్నాడనుకుని కొందరు దండం పెట్టారు. కాసేపు చూసి, అకౌంట్సులో పనిచేసే అతను బొరుగులు, బెల్లం పంచడం మొదలుపెట్టాడు. చక్రధర్ చేయి ఊపుతూ మాట్లాడుతూనే ఉన్నాడు. జనం పొట్లాలు అందుకుని అతని ముందు నుంచే నడిచి వెళ్లిపోయారు.

మస్తాన్ గోడకు ఆనుకుని అంతా విన్నాడు. క్రమశిక్షణ గురించి మాట్లాడుతున్నాడు. మస్తాన్ వకుళ వైపు చూశాడు. ఆమె బొరుగులు తింటోంది.

కారణం కనిపెట్టడానికి చక్రధర్‌కు ఎక్కువ కాలం పట్టలేదు. గింజలు తీసినవాళ్లకు అతని మాట వినపడుతోంది. వేరే ఇంజినీర్లతో శబ్దాల అర తెరిపించాడు. తన గొంతు అక్కడుంది. వకుళను పిలిచి, చెవి చూపించి గింజలు తీయమని సైగ చేశాడు. ఆమె తీసింది. ఇదెలా జరిగిందని అడిగాడు.

"రికార్డుల మీద మిక్సీ, మోటారు అని రాసుంది సార్. మోతలే కదా అని మోతల్లో వేశాం. వాడకంలో పొరపాటు," అంది వకుళ.

అతను ఆమెను బయటికి పొమ్మన్నాడు.

అమ్మిన గింజలన్నీ వెనక్కి తెప్పించవచ్చు. తెప్పిస్తే ఎందుకని ప్రభుత్వం అడుగుతుంది. చిప్పు విప్పుతారు. కొత్త మోడల్‌లో ఉన్న రేకు పాత మోడల్‌లో ఎందుకు లేదని అడుగుతారు. నమూనా అరలో తన గొంతు రాయించవచ్చు. ఆ అరను తెరిచే తాళం వకుళ దగ్గర ఉంది. ఆమె మీద కేసు పెట్టినా, ఉద్యోగంలోంచి తీసేసినా ఆమె రేకు సంగతి బయట చెబుతుంది. చక్రధర్ లెక్క చూసుకున్నాడు. గొంతును వదులుకుని కంపెనీని ఉంచుకున్నాడు. అప్పటి నుంచి అతని తరఫున ఇంకొకరు మాట్లాడేవారు.

ఎదుటివాళ్లతో మాట్లాడాలంటే చక్రధర్ ముందు తన చెవి ముట్టుకుని చూపించాలి. వాళ్లు గింజలు తీయాలి. మొదట్లో తీసేవాళ్లు. పోనుపోను ఫోనులో రాసి పంపమని సైగ చేయడం మొదలుపెట్టారు. అతని డ్రైవరు మస్తాన్‌తో టీ కొట్టు దగ్గర ఈ సంగతులు చెబుతుండేవాడు. ఇంట్లో భార్య కూడా అన్నం వడ్డించేటప్పుడు మాత్రమే తీస్తోందట. ఒక ఆదివారం మధ్యాహ్నం చక్రధర్ బాత్‌రూములో జారిపడ్డాడు. తుంటి ఎముక విరిగింది. భార్య హాల్లో టీవీ చూస్తోంది. వంటమనిషి వంటింట్లో ఉంది. ఇద్దరి చెవుల్లోనూ గింజలున్నాయి. టీ వేళకు వెతికితే కనపడ్డాడు.

మస్తాన్ ఇది చెప్పి, "పాపం గదా పాపా," అన్నాడు. వకుళ సోల్డరింగు పని ఆపలేదు.

"పిలిచినాడంటనా?" అని అడిగింది.

"గొంతు పోయేదాకా పిలిచినాడంట."

"సరే," అంది వకుళ.

అలివేలు అప్పటికి వీధి చివరి మందుల షాపులో పనిచేస్తోంది. చీటీ చూసి మందులు తీసి, ఎప్పుడు వేసుకోవాలో చెబుతుంది. తన మాట తనకు వినపడక గొంతు మారుతూ వచ్చింది. ఎత్తుపల్లాలు పోయాయి. కొన్ని అక్షరాలు ముక్కులోకి వెళ్లాయి. అయినా షాపు యజమానికి అర్థమయ్యేది, కొనేవాళ్లకూ అర్థమయ్యేది.

ఒక సాయంత్రం ఆమె ఇంటికి వచ్చి, షాపుకొచ్చిన మనుషులు తనతో మాట్లాడటం మానేశారని చెప్పింది. తిన్నాక వేసుకోండని చెబితే యజమాని వైపు చూసి మళ్లీ అడుగుతున్నారంది.

"నేనేం మాట్లాడ్లేదంటారక్కా. మూగిదాన్ని పెట్టుకున్నావా అని షాపాయన్ని అడిగినారంట."

వకుళ ఇంట్లో గింజలు పెట్టుకోదు. చెల్లెలి ముందు పెట్టుకోవడం ఆమెకు ఇష్టం లేదు. ఆ రోజు వంటింట్లోకి వెళ్లి, గింజలు పెట్టుకుని వచ్చి, షాపు సంగతి మళ్లీ చెప్పమంది. అలివేలు చెప్పింది. గోడ గడియారం వినపడింది. వీధిలో పిల్లల మాటలు వినపడ్డాయి. చెల్లెలి పెదవులు కదులుతున్నాయి.

నమూనా అర ఖాళీగా ఉంది. మాట అంటే ఏదో చెప్పే గొంతు లేక, గింజలు తమ చుట్టూ ఎక్కువమంది ఎలా మాట్లాడుతున్నారో చూసి అదే మాట అనుకున్నాయి. దానికి దూరంగా ఉన్నవాటిని ఒక్కొక్కటే మోతల్లో వేస్తూ పోయాయి. ఒకదానికొకటి చెప్పుకుంటూ పోయాయి. ఇది వకుళకు ఆ నిమిషంలోనే అర్థమైంది. షాపులో ఫ్యాను మోత ఎక్కువేమో, వేరే చోటు చూద్దామని ఫోనులో టైపు చేసి చూపించింది.

తర్వాతి వారం కాల్ సెంటరు నుంచి సుభాషిణి ఇంటికి వచ్చింది. ఆమె అలివేలుకు ఫోనులో టైపు చేసి కబుర్లు చెప్పేది. ఈ మధ్య ఖాళీ కాల్స్ ఎక్కువయ్యాయని రాసింది. ఎత్తితే అవతల ఎవరూ ఉండరు. పోయినవారం శ్రీకాళహస్తి దగ్గర నుంచి ఒక ఖాళీ కాల్ వచ్చింది. హలో, హలో అని పెట్టేశారు. తర్వాత గింజలు తీసి, ఆ రికార్డును ఆఫీసు స్పీకరులో వేసి విన్నారు. పక్షవాతం వచ్చి మాట ముద్దగా మారిన ఒక ముసలాయన. భార్యకు గుండె నొప్పి వచ్చిందని, ఊరి పేరు, వీధి పేరు మళ్లీ మళ్లీ చెప్పాడు. ఆమె చనిపోయింది. కాల్ ఎత్తినమ్మాయి అన్నం తినడం లేదు.

సుభాషిణి వెళ్లాక అలివేలు అక్క ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆ ఆఫీసులో అందరూ మీ గింజలే పెట్టుకొని ఉండారు. షాపులో నన్ను మూగిదన్నోళ్లూ అవే పెట్టుకొని ఉండారు. ఏం చేసినావక్కా?"

వకుళ టైపు చేసింది. చాలాసేపు చేసింది. చక్రధర్ గొంతు సంగతి, ఖాళీ అర సంగతి, ఆ రోజు టైపు చేయకుండా వదిలేసిన మాట, అన్నీ రాసింది. ఆఖరున, నీ కోసమే చేశానని రాసింది.

అలివేలు చదివింది. ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది.

"నా కోసరమైతే నన్ను అడగాల గదా. నన్ను అడిగినావా? వాడు నా చెవులు తీసినాడు. నోరు ఉండింది నాకు. అది నువ్వు తీసినావు."

వకుళ ఏదో అనబోయింది. అలివేలు ఆమె నోటి మీద చేయి పెట్టింది.

"కాల్ మనం పెట్టేయకూడదక్కా. అవతలోళ్లే పెట్టేయాల. మాకు మొదట నేర్పించేది అదే. ఆ ముసలాయన ఇంకా చెప్తానే ఉండినాడు."

వాడి గొంతు వాడికిచ్చెయ్, ఇదంతా ఆపు అని ఆమె అంది. వకుళ తల అడ్డంగా ఊపింది. అది తప్ప ఏదైనా చేస్తానంది. చెల్లెలు పెదవుల కదలిక చదువుకునేలా నెమ్మదిగా చెప్పింది. నమూనా అర ఖాళీగానే ఉంది. అందులో ఒక్కసారి రాయవచ్చు. నీ గొంతు రాస్తానంది. నీ మాటను మాట అనుకున్న గింజ ముసలాయన మాటను ఆపదు. ముద్ద మాటను, నత్తి మాటను, దేన్నీ ఆపదు.

రేపే, అంది అలివేలు.

పరీక్ష గదిలో తలబొమ్మ ముందు అలివేలును కూర్చోబెట్టారు. ఏం చదువుతావని మస్తాన్ సైగ చేస్తే, తనకు వచ్చింది ఒకటే అంది. మీ ఊరేది. పక్కన ఏముంది, గుడా, బడా, రేషన్ షాపా. మనిషి ఊపిరి తీస్తా ఉండాడా. పెట్టేయకండి, నేను ఈడనే ఉండా. వాటినే రకరకాలుగా చెప్పింది. గొంతు మరీ పెద్దదో చిన్నదో అవుతుంటే సరిచేయమని మస్తాన్‌ను చేయి ఊపి అడిగింది. ఎట్లుంటే అట్లే కావాలని వకుళ అద్దం అవతల నుంచి సైగ చేసింది.

నమూనా రాస్తున్నారన్న కబురు చక్రధర్‌కు చేరింది. మధ్యాహ్నానికి కర్ర పట్టుకుని ల్యాబుకు వచ్చాడు. చెవి ముట్టుకుని చూపించాడు. వకుళ గింజలు తీసింది.

"నా గొంతు కూడా అందులో కలపండి. కలపొచ్చని నాకు తెలుసు," అన్నాడు.

కలపవచ్చు. ఒకసారి రాశాక మాత్రం కుదరదు. వకుళ ఈ సంగతి చెల్లెలికి టైపు చేసింది. అలివేలు గదిలోంచి బయటికి వచ్చి అతని ముందు నిలబడింది.

"కలుపుతాం సారూ. రెండు మాటలు చెప్పండి. రేకు తీయించింది నేనే. ఈ అమ్మ చెవికి ఏ జబ్బూ లేదు. ఆ బొమ్మ ముందర కూర్చోని, రికార్డులో చెప్పండి. చాలు."

చక్రధర్ వకుళ వైపు తిరిగాడు. అవి రికార్డయితే రేపు కోర్టులో చూపిస్తారని, కంపెనీ మిగలదని, ఇందులో రెండు వేలమంది అన్నం ఉందని అన్నాడు. లాయరును అడిగి వస్తాను, అంతవరకు ఆపమన్నాడు. వకుళ అది టైపు చేసింది. అలివేలు చదివి, "అడిగి రాండి. మేం మాత్రం ఆపం. కాల్స్ వస్తానే ఉంటాయి," అంది.

అతను వెళ్లాడు. అలివేలు చదవడం పూర్తిచేసింది. వకుళ తాళం తెరిచి, రాయడానికి అంతా సిద్ధం చేసి, ఆగాలా అని చెల్లెలిని చూసింది. అలివేలు చేయి చాపి తనే మీట నొక్కింది.

ల్యాబులోని జతలు ముందు మారాయి. అక్కడి నుంచి గేటు దగ్గరి కాపలావాళ్లవి మారాయి. తర్వాత రోడ్డు మీద పోయే బస్సులోనివి. వకుళ తన గింజలు పెట్టుకుంది. అలివేలు, "వినపడతా ఉండానా?" అంది. ముక్కుతో, ఎత్తుపల్లాలు లేకుండా. వకుళ తల ఊపింది.

చక్రధర్ తిరిగి వచ్చేసరికి వాళ్లు వైర్లు చుడుతున్నారు. కర్ర కొట్టుకుంటూ తొందరగా నడిచి వచ్చాడు. లాయరు ఏం చెప్పాడో ఎవరూ అడగలేదు. అతను చెవి ముట్టుకుని చూపించాడు. వకుళ చేయి చెవి దాకా వెళ్లింది. పక్కకు జారిన జుట్టును చెవి వెనక్కి సర్ది, కిందికి దిగింది.

చక్రధర్ గదిలోకి వెళ్లి తలబొమ్మ ముందు కూర్చున్నాడు. చెప్పాడు. రెండు మాటలు చెబుతాడనుకుంటే ఎక్కువే చెప్పాడు. ఒకసారి ఆగి కళ్లు తుడుచుకున్నాడు. అలివేలు అద్దం అవతల నిలబడి అతని ముఖం చూస్తోంది. మైకుకు కరెంటు తీసేసి ఉంది.

చెప్పడం అయ్యాక అతను వాళ్లిద్దరినీ చూశాడు. వాళ్ల ముఖాల్లో ఏమీ కనపడలేదు. అప్పుడు మస్తాన్ వైపు తిరిగాడు. మస్తాన్ చెవుల్లో ఏమీ లేవని కంపెనీలో అందరికీ తెలుసు.

మస్తాన్ వైరు చుట్ట భుజానికి తగిలించుకున్నాడు.

"నాకూ వినపడలేదు సార్. ఇంకోసారి చెప్పండి," అన్నాడు.

చక్రధర్ మొదటి నుంచి మళ్లీ చెప్పడం మొదలుపెట్టాడు.